మీకు తెలుసా? కిన్వట్ ఆనవాళ్లు లండన్ కాగితాల్లో

పెన్‌గంగ ఒడ్డున ఉన్న కిన్వట్ ఇప్పుడు నాందేడ్ జిల్లాలో ఉంది గానీ, 1956 వరకు మన ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా. ఆ రోజుల్లో అక్కడి గోండుల జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే లండన్‌లోని సోయాస్ గ్రంథాలయం మెట్లెక్కాలి. ప్రొఫెసర్ క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ క్షేత్ర డైరీలు, ఫొటోలు, ఫిల్ములు ఉన్నది అక్కడే.

ఈయన మానవ శాస్త్రవేత్త. పుట్టింది వియన్నాలో, 1909లో. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోవడంతో, 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి భారత్‌లో ఉన్న ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఇంకేం, బ్రిటిష్ వారి లెక్కలో శత్రుదేశీయుడే! నిజాం రాజ్యం దాటి వెళ్లడానికి వీల్లేదన్నారు. ఆ కట్టడే మనకు కలిసొచ్చింది. చెంచులు, కొండరెడ్ల దగ్గర పనయ్యాక, భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి గూడెంలో మకాం పెట్టాడు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండుల మీద ఆయన పుస్తకం 1948లో అచ్చయింది.

కాగితాలు లండన్ చేరాయి. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి మాత్రం మార్లవాయిలోనే ఉంది. గోండులు ఏటా అక్కడ ఆ దంపతులను తలచుకుంటారు.