తొలి నైట్రో బండిని ఎన్నుకొనుట

నిస్తంత్రీ తరంగములు పలుకును, పాటను మోయుటకు పూర్వమే ఒక చిన్న పడవను నడిపినవి. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికొలా టెస్లా ఆ పడవను నీటితొట్టిలో వదలి, తాను దూరమున నిలిచి, దాని దిక్కును మార్చి చూపెను. కావున రేడియోతో నడుచు ఆటబండ్లను గూర్చి ముచ్చటించుట రేడియోలో పనిచేయు మాకు ఇంటి సంగతి చెప్పుకొనుట వంటిదే. ఈ బండ్లలో మిట్టపల్లములపై పరుగెత్తు నైట్రో బండి ఒకటి. దానిని మొదటిసారి కొనదలచినవారు ఏయే విషయములను విచారించవలెనో నేడు మనవి చేయుదుము.

నైట్రో బండి పెట్రోలుతో నడువదు. మెథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసిన ద్రవమే దానికి ఇంధనము. అందు నైట్రోమీథేను సాధారణముగా నూటికి 10 మొదలు 30 పాళ్ల వరకు ఉండును. ఇంజనులో వేరుగా నూనెతొట్టి లేదు; ఇంధనములోని నూనెయే లోపలి భాగములను తడుపును. పూర్వము స్కూటరుకు పెట్రోలులో నూనె కలిపి పోయించినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. నిప్పురవ్వను పుట్టించు స్పార్కు ప్లగ్గునకు బదులు ఇందు గ్లో ప్లగ్గు ఉండును. దానిలోని ప్లాటినము తీగచుట్టను మొదట చిన్న బ్యాటరీతో ఎర్రగా కాల్తురు. ఇంజను అందుకొనిన పిమ్మట బ్యాటరీతో పనిలేదు. మెథనాలు ప్లాటినమును తాకుటవలన పుట్టు వేడియు, సిలిండరులోని ఒత్తిడివలన పుట్టు వేడియు కలిసి తీగను ఎర్రగనే నిలుపును. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో ఈ ప్లగ్గులను విపణికి తెచ్చెను. దానితో చిన్న ఇంజనులకు బ్యాటరీని, కాయిలును మోయు బరువు తప్పినది.

ఇక ఎన్నిక మాట. మనకు కావలసినది వేగమా, ఇంజనా? ముందుగా దీనిని తేల్చుకొనవలెను. లిథియము బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు వచ్చిన తరువాత విద్యుత్తు బండ్లు వేగములో నైట్రో బండ్లకు తీసిపోవు; పెక్కుచోట్ల మించిపోవును. వానితో శ్రమయు తక్కువ. వేగము మాత్రమే కోరువారు వానిని కొనుటయే మేలు. ఇంజను గుణమును తెలిసికొని, దానిని చేతితో సర్ది నడుపవలెనను కుతూహలము గలవారికే నైట్రో తగినది.

ఈ వివేకము మాకు ఉచితముగా రాలేదు. కొన్ని ఏండ్ల క్రిందట మేము పెట్టెపై ముద్రించిన వేగమును చూచి ఒక బండిని కొంటిమి. మొదటి దినముననే పూర్తి వేగముతో తోలితిమి. మూడవ తొట్టి ఇంధనము ముగియకముందే పిస్టను బిగుసుకొనిపోయినది. మరియొక పిస్టనుకై విచారింపగా ఆ నమూనాకు విడిభాగములు మన దేశమున దొరకవని అంగడివారు చెప్పిరి. ఆ బండి నేటికిని మా అటకపై ఉన్నది. దానిని తెచ్చుకొన్న నాడు ఎగిరి గంతులు వేసిన మా పిల్లవాడు రెండు వారములు మాతో ముభావముగా ఉండెను.

కావున వేగముకంటె ముందు విడిభాగములను విచారించవలెను. పిస్టను, సిలిండరు గొట్టము, గ్లో ప్లగ్గు, క్లచ్చి, సస్పెన్షను చేతులు ఏ ఊరిలో, ఎన్నాళ్లకు లభించునో అడుగవలెను. ఇంధనమును గూర్చియు అట్లే. అది పెట్రోలు బంకులో దొరకదు. మండు ద్రవమగుటచే సామాన్యపు టపాలో పంప వీలుపడదు. యూరోపు సమాఖ్య దేశములలో నివసించువారు మరియొక సంగతి గమనింపవలెను. అచ్చట 2021 ఫిబ్రవరి నుండి నైట్రోమీథేను నూటికి 16 పాళ్లు మించిన ద్రవమును సామాన్యులు అనుమతి లేక కొనరాదు.

తరువాతది నేల. రాళ్లు, గడ్డి, గుంతలు గల ఖాళీస్థలమునకు పెద్ద చక్రములు, ఎత్తైన అడుగు గల మాన్‌స్టర్ ట్రక్కు అనుకూలము. 1999లో వచ్చిన ట్రాక్సస్ వారి టీ-మాక్స్, 2002లో వచ్చిన హెచ్.పి.ఐ. వారి శావేజ్ ఈ జాతివి. చదును చేసిన మట్టిబాటపై పందెములాడువారు తక్కువ ఎత్తు గల బగ్గీని కోరుదురు. అసలు కారులో ఎనిమిదవ వంతు పరిమాణము గల బగ్గీకి పందెములలో 3.5 సి.సి. ఇంజనును వాడుదురు. పదవ వంతు బండి తేలిక. ఇంధనము తక్కువ త్రాగును. కాని గుంతలలో ఎక్కువ ఎగిరిపడును. తొలిసారి కొనువారు విడిభాగములుగా వచ్చు కిట్టునకు బదులు బిగించి సిద్ధముగానున్న బండిని, లాగుత్రాడుతో అందుకొను ఇంజనును కోరుట మంచిది.

రేడియో విషయమున ఒక పట్టుదల వలెను. 3 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా సంకేతము తెగినచో అది ఎవరి కాళ్లనైనను విరుగగొట్టగలదు. సంకేతము తెగిన వెంటనే ఇంధనపు ద్వారమును మూసి బ్రేకు వేయు ఫెయిల్‌సేఫ్ ఏర్పాటు లేని బండిని కొనరాదు. 27 మెగాహెర్ట్జుల పాత సెట్లలో ఇద్దరి క్రిస్టలులు ఒకటే అయినచో ఒకరి బండి మరియొకరి మాట వినెడిది. నేటి 2.4 గిగాహెర్ట్జుల సెట్లలో ఆ చిక్కు లేదు.

బండి ఇంటికి వచ్చిన పిమ్మట తొందరపడరాదు. సిలిండరు గొట్టము పైభాగమున కొంచెము సన్నముగా చేయబడును. వేడికి వ్యాకోచించి పిస్టనుకు సరిపోవును. ఆ రెండును ఒరసికొని కుదురుటకు మొదటి నాలుగైదు తొట్లు ఇంధనమును మిక్కిలిగా పారించి, మెల్లగా నడుపవలెను. కార్బ్యురేటరు సూదిమరను గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పినచో ఇంధనము తగ్గును. కొంతవరకు వేగము పెరుగును. అచ్చటనే మేము మోసపోతిమి. ఇంధనముతోపాటు నూనెయు తగ్గి ఇంజను కాలిపోవును. పొగగొట్టమునుండి తెల్లని పొగ కనబడుచున్నంతవరకు భయము లేదు. ఇంజను తలపై వేడి సుమారు 100 మొదలు 125 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉండవలెను. గాలి వడపోత స్పంజికి నూనె రాయక మన వేసవి దుమ్ములో తోలినచో ఇసుక లోపలికి చేరి పిస్టనును అరగదీయును. ఆట ముగిసిన తరువాత తొట్టిలోని ఇంధనమును తీసివేసి, ఇంజనులో రెండుమూడు చుక్కల నూనె వేయవలెను. లేనిచో మెథనాలు తేమను పీల్చి బేరింగులకు త్రుప్పు పట్టించును.

చివరి హెచ్చరిక పిల్లలను గూర్చి. మెథనాలు విషము. కల్తీసారా త్రాగి చూపు పోగొట్టుకొన్నవారి కథలు మనము విన్నవే. అచ్చట హాని చేయునది ఇదియే. చర్మముగుండ గూడ అది ఒంటికి ఎక్కును. దాని మంట పట్టపగలు కంటికి ఇంచుమించు కానరాదు. ఇంధనపు సీసాను తాళము వేసి ఉంచి, పెద్దలే ఆరుబయట పోయవలెను.

అంగడికి పోవువారు వేగమును చివర అడుగుదురుగాక. భాగములు దొరకునా, ఇంధనము దొరకునా, సంకేతము తెగినచో బండి ఆగునా అని ముందు అడుగవలెను. మూడింటికిని ఔనను సమాధానము వచ్చిన బండి సామాన్యమైనదే కావచ్చును. అయినను మరుసటి ఆదివారమున గూడ అది నడుచును. పిల్లవాడు కోరునదియు అదియే.