మద్దేడ్ కొండల ఎత్తు రెండు బైట్లలో: బైనరీ దత్తాంశాన్ని ఫంక్షనల్ భాషలు చదివే తీరు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, భోపాలపట్నం నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో మద్దేడ్ ఉంటుంది. బస్తర్ ప్రాంతానికి ఇది నైరుతి మూల. తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దులు దగ్గరే కావడంతో ఇక్కడ గోండి, హిందీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఇదే జిల్లాలోని భద్రకాళి వద్ద ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ నీరంతా దిగువన భద్రాచలం మీదుగా పోవలసిందే. 2022 జులై వరదల్లో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది.

ఇలాంటి చోట వాన నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో లెక్కగట్టాలంటే ముందుగా నేల ఎత్తు తెలియాలి. ఆ ఎత్తులు కంప్యూటర్ ఫైళ్లలో ఉన్నాయి. అయితే వాటిని తెరిచి చూస్తే అక్షరాలు కనిపించవు, పట్టికలు కనిపించవు. వరుసగా బైట్లు మాత్రమే ఉంటాయి. వాటిని తప్పుగా చదివితే కొండ ఎవరెస్టును మించిపోతుంది, లేదా పాతాళానికి దిగిపోతుంది. సరిగ్గా చదవడానికి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలు ఒక మంచి పద్ధతిని చూపించాయి.

అంతరిక్షం నుంచి కొలిచిన నేల

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేలను కొలిచింది. దీని పేరు షటిల్ రాడార్ టోపోగ్రఫీ మిషన్. ఒక యాంటెన్నా నౌకలోనూ, మరొకటి 60 మీటర్ల పొడవైన స్తంభం చివరనూ ఉండటంతో, రెండింటికీ చేరిన ప్రతిధ్వనుల తేడా నుంచి ఎత్తును లెక్కించగలిగారు. భూభాగంలో దాదాపు 80 శాతం ఈ కొలతలోకి వచ్చింది.

ఆ కొలతలను ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం గల చదరాలుగా విడగొట్టి, చదరానికొక ఫైలు చేశారు. మద్దేడ్, భోపాలపట్నం, బీజాపూర్ మూడూ ఒకే చదరంలోకి వస్తాయి. దాని నైరుతి మూల 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఫైలు పేరు కూడా అదే: 'ఎన్18ఈ080'.

సుమారు 90 మీటర్లకు ఒక కొలత చొప్పున ఉన్న రూపంలో ఈ ఫైలులో 1201 అడ్డు వరుసలు, ఒక్కో వరుసలో 1201 ఎత్తులు ఉంటాయి. అంచున ఉన్న కొలతలు పక్క చదరంలోనూ ఉంటాయి కాబట్టి 1200కు బదులు 1201. ఒక్కో ఎత్తుకు రెండు బైట్లు. మొత్తం 1201 × 1201 × 2 = 28,84,802 బైట్లు. తరువాతి కాలంలో విడుదలైన, సుమారు 30 మీటర్లకు ఒక కొలత ఉన్న ఫైలులో వరుసకు 3601 ఎత్తులు, మొత్తం 2,59,34,402 బైట్లు.

ఫైలు మొదట్లో శీర్షిక లేదు. ఏ ఊరిదో, ఏ కొలమానమో చెప్పే మాట లోపల ఎక్కడా లేదు. చోటు తెలియాలంటే ఫైలు పేరు చూడాలి, సాంద్రత తెలియాలంటే ఫైలు పరిమాణం చూడాలి. ఎవరైనా పేరు మార్చేస్తే బస్తర్ కొండలు పటంలో మరో చోటికి వెళ్లిపోతాయి.

బైట్‌కు సొంత అర్థం లేదు

బైట్ అంటే 8 బిట్లు. అది 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య. అంతకు మించి దానిలో ఏమీ లేదు. ఉదాహరణకు 'మద్దేడ్' అనే మాటను యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 21 బైట్లు పడుతుంది. అందులో మొదటి అక్షరం 'మ'కు 224, 176, 174 అనే మూడు బైట్లు. అవే బైట్లలో మొదటి రెండింటిని ఎత్తుల ఫైలు పద్ధతిలో చదివితే మైనస్ 8016 మీటర్లు అని వస్తుంది. బైట్లు మారలేదు, చదివే ఒప్పందం మారింది.

పాత తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ వదలకుండా రాసేవారు. లిపి వచ్చినంత మాత్రాన సరిపోదు, ఎక్కడ విరవాలో కూడా పాఠకుడికి తెలియాలి. బైనరీ ఫైలూ అంతే. ఎన్ని బైట్లను కలిపి చదవాలి, ఏది ముందు, ఋణ సంఖ్యలు ఉంటాయా అన్నవి చదివేవాడు ముందే తెలుసుకోవాలి.

ఏది ముందు అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 300 మీటర్ల ఎత్తును రెండు బైట్లలో రాస్తే 1, 44 అవుతుంది. అంటే 1 × 256 + 44. ఎత్తుల ఫైలులో పెద్ద విలువ గల బైట్ ముందు వస్తుంది. ఈ క్రమాన్ని బిగ్-ఎండియన్ అంటారు. నేటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం చిన్న విలువ గల బైట్‌ను ముందు ఉంచే లిటిల్-ఎండియన్ యంత్రాలు. ఆ క్రమంలో అవే బైట్లను చదివితే 44 × 256 + 1 = 11,265 మీటర్లు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లే! 150 మీటర్ల నేల సంగతి ఇంకా విచిత్రం. దాని బైట్లు 0, 150. తారుమారు చేస్తే 38,400 వస్తుంది. మొదటి బిట్ 1 కాబట్టి అది ఋణ సంఖ్య, 65,536 తీసివేయాలి. ఫలితం మైనస్ 27,136.

ఈ రెండు పేర్లను కంప్యూటర్ రంగంలోకి తెచ్చింది డానీ కోహెన్. గుడ్డును ఏ వైపు నుంచి పగలగొట్టాలనే విషయమై యుద్ధాలు చేసుకునే జనాన్ని జోనాథన్ స్విఫ్ట్ 'గలివర్స్ ట్రావెల్స్'లో చిత్రించాడు. ఆ పేర్లనే కోహెన్ 1980లో బైట్ల క్రమంపై జరుగుతున్న వాదాలకు పెట్టాడు.

ప్రమేయంగా చదవడం

సాధారణ పద్ధతిలో ఫైలు చదివే ప్రోగ్రాములో ఒక 'ప్రస్తుత స్థానం' ఉంటుంది. రెండు బైట్లు చదివితే అది రెండు అడుగులు ముందుకు జరుగుతుంది. ప్రోగ్రాములో ఏ మూల నుంచైనా దాన్ని కదపవచ్చు. ఒకచోట ఒక్క బైట్ ఎక్కువ చదివితే అక్కడి నుంచి మిగిలిన లక్షల ఎత్తులన్నీ ఒక బైట్ జరిగి వస్తాయి. ప్రోగ్రాము ఆగదు, ఫిర్యాదు చేయదు. తప్పు పటం మాత్రం తయారవుతుంది.

ఫంక్షనల్ భాషల్లో ప్రోగ్రాము గణితంలోని ప్రమేయాల కూర్పు. ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే ఫలితం రావాలి, చాటుగా ఏదీ మారకూడదు. అందుకే చదివే పనిని ఇలా నిర్వచిస్తారు: బైట్లు ఇస్తే, చదివిన విలువనూ, ఇంకా చదవని బైట్లనూ జంటగా తిరిగి ఇచ్చే ప్రమేయం. స్థానం ఎక్కడో దాగి ఉండదు, చేతి నుంచి చేతికి మారుతుంది.

ఇలాంటి చిన్న ప్రమేయాలను కలిపి పెద్దవి చేస్తారు. 'ఒక బైట్ చదువు' అనేదాన్ని రెండుసార్లు వాడితే 'ఒక ఎత్తు చదువు' వస్తుంది. దాన్ని 1201 సార్లు వాడితే 'ఒక వరుస చదువు', ఆ వరుసను మళ్లీ 1201 సార్లు వాడితే 'ఒక చదరం చదువు'. మిగిలిన బైట్లను ఒకరి నుంచి మరొకరికి అందించే పనిని ప్రోగ్రామర్ ప్రతిసారీ రాయనవసరం లేదు. హాస్కెల్ భాషలోని 'బైనరీ' అనే లైబ్రరీ ఆ పని చూసుకుంటుంది. అందులో చదివేదాన్ని 'గెట్' అనీ, రాసేదాన్ని 'పుట్' అనీ పిలుస్తారు. 16 బిట్ల సంఖ్యను ఏ క్రమంలో చదవాలో ప్రమేయం పేరులోనే ఉంటుంది కాబట్టి, క్రమాన్ని యంత్రానికి వదిలేసే అవకాశం తగ్గుతుంది.

టెలిఫోన్ వ్యవస్థల కోసం ఎరిక్సన్ సంస్థలో 1980లలో పుట్టిన ఎర్లాంగ్ భాషది మరో దారి. వాట్సాప్ సర్వర్లు నడిచేది ఈ భాషతోనే. ఇందులో బైట్ల ఆకృతిని నేరుగా రాసేయవచ్చు: 'ఎత్తు 16 బిట్లు, ఋణ సంఖ్య కావచ్చు, పెద్ద బైట్ ముందు, ఆపై మిగిలినదంతా' అని ఒక నమూనా ఇస్తే భాషే విడదీసి ఇస్తుంది. అదే నమూనాను కుడి వైపు వాడితే విడదీయడానికి బదులు కూర్చి పెడుతుంది. చదవడానికీ రాయడానికీ ఒకే వర్ణన.

జాగా విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఫంక్షనల్ భాషల్లో బాగా వాడుకలో ఉన్న జాబితా రూపంలో బైట్లను దాచితే, 64 బిట్ల హాస్కెల్‌లో ఒక్కో బైట్‌కు కనీసం 24 బైట్ల చోటు పడుతుంది. అందుకే బైట్లను ఒకే దిమ్మగా ఉంచే ప్రత్యేక రూపాన్ని వాడతారు. 'మిగిలిన బైట్లు' అన్నప్పుడల్లా కొత్త నకలు తీయరు, అదే దిమ్మలో ఎక్కడ మొదలో మాత్రమే గుర్తిస్తారు. ఒకసారి తయారైన దిమ్మను ఎవరూ మార్చలేరు కాబట్టి, ఎందరు పంచుకున్నా ఇబ్బంది లేదు.

ఒక్క ఎత్తే కావాలంటే మొత్తం చదవనక్కర్లేదు. వరుసలు ఉత్తరం నుంచి మొదలవుతాయి, వరుసలో కొలతలు పడమర నుంచి మొదలవుతాయి. 18.75 అక్షాంశం, 80.5 రేఖాంశం దగ్గరి ఎత్తు కావాలంటే పైనుంచి 300 వరుసలు, ఆపై 600 కొలతలు దాటాలి. (300 × 1201 + 600) × 2 = 7,21,800 బైట్లు వదిలి, తరువాతి రెండింటిని చదివితే చాలు.

లేని ఎత్తు

రాడార్‌కు కొన్ని చోట్ల ప్రతిధ్వని సరిగా అందలేదు. నిటారు కొండల నీడలో, నీటిపై ఇలా జరుగుతుంది. ఆ ఖాళీలను మొదటి ఫైళ్లలో మైనస్ 32,768 అనే సంఖ్యతో గుర్తించారు. దాని బైట్లు 128, 0. చదివే ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియకపోతే అదీ ఒక ఎత్తే అనుకుంటుంది. పక్కపక్కనే 300, 302, 298 మీటర్లు, ఒక ఖాళీ ఉన్నాయనుకుంటే, నాలుగింటి సగటు మైనస్ 7,967 వస్తుంది. వాలును బట్టి నీటి దారి వెతికే లెక్క అయితే ఊళ్ల నీరంతా ఆ లేని గోతిలోకే పంపేస్తుంది.

ఫంక్షనల్ భాషల్లో దీనికి విరుగుడు దత్తాంశ రకంలోనే ఉంది. చదివిన ఫలితాన్ని ఒట్టి సంఖ్యగా కాక, 'ఎత్తు ఉంది, ఇంత' లేదా 'ఎత్తు లేదు' అనే రెండు రకాలలో ఒకటిగా నిర్వచిస్తారు. ఇక ఆ విలువను నేరుగా కూడలేరు. ముందు ఏ రకమో విప్పి చూడాలి. 'లేదు' అయితే ఏం చేయాలో రాయకపోతే కంపైలర్ గుర్తుచేస్తుంది. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయి ఫైలు కురచగా ఉంటే కూడా ఇదే పద్ధతి: ఫలితం 'చదరం దొరికింది' లేదా 'ఈ స్థానంలో బైట్లు అయిపోయాయి' అని వస్తుంది.

రాసి, తిరిగి చదివి చూడటం

చదవడం, రాయడం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు కావాలి. ఏ విలువనైనా రాసి, వచ్చిన బైట్లను తిరిగి చదివితే మొదటి విలువే రావాలి. ఈ నియమాన్ని యంత్రమే పరీక్షించేలా 2000లో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ హాస్కెల్ కోసం 'క్విక్‌చెక్' అనే పరికరాన్ని ప్రకటించారు. నియమం రాసిస్తే చాలు, అది యాదృచ్ఛికంగా వందలాది విలువలు పుట్టించి ఎక్కడ తప్పుతుందో వెతుకుతుంది.

ఎత్తుల విషయంలో ఈ నియమం ఒక లోపాన్ని బయటపెడుతుంది. 'ఎత్తు ఉంది, మైనస్ 32,768' అనే విలువను రాసి తిరిగి చదివితే 'ఎత్తు లేదు' అని వస్తుంది. అంటే ఆ సంఖ్యను ఎత్తుగా రాయడానికి రాసే ప్రమేయం అసలు ఒప్పుకోకూడదు. యాదృచ్ఛిక పరీక్షకు ఆ ఒక్క సంఖ్య తగలకపోవచ్చు కాబట్టి, ఇలాంటి అంచు విలువలను విడిగా ఇచ్చి చూడటం మంచిది.

అయితే ఈ నియమం ఒక్కటే చాలదు. రాసేవారూ చదివేవారూ ఇద్దరూ బైట్ల క్రమాన్ని తలకిందులు చేశారనుకుందాం. 300ను 44, 1గా రాస్తారు, 44, 1ని 300గానే చదువుతారు. పరీక్ష నెగ్గుతుంది. కానీ బయటి ప్రపంచం ఇచ్చిన ఫైలును తెరిచిన రోజున కొండ 11,265 మీటర్లకు లేస్తుంది. ఒకే తప్పు చేసిన ఇద్దరు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నట్టే అది. అందుకే '1, 44 అంటే 300 కావాలి' అనే స్థిరమైన పరీక్ష కూడా ఉండాలి. దానితో పాటు, ఎత్తు ముందే తెలిసిన ఒక స్థలంతో పోల్చి చూడాలి.

బైట్లన్నీ సరిగ్గా చదివినా మరో పరిమితి మిగిలే ఉంటుంది. ఆ రాడార్ తరంగాలు దట్టమైన అడవిలో నేల దాకా పూర్తిగా చేరవు, చెట్ల కొమ్మల నుంచే చాలావరకు తిరిగి వస్తాయి. ఇంద్రావతి అడవుల్లో ఫైలు చూపే ఎత్తులో చెట్ల ఎత్తు కూడా కొంత కలిసి ఉంటుంది. ఏ భాషా ఆ తేడాను సరిచేయలేదు. భాష చేయగలిగింది ఒకటే: కొలిచినవారు ఏ సంఖ్య రాశారో అదే సంఖ్య, కొలవని చోట 'లేదు' అనే మాట, వాడేవారి చేతికి చేర్చడం. గోదావరి వరదను అంచనా వేసేవారు ఆ పైన తమ లెక్క మొదలుపెట్టవచ్చు.