లారీ బరువు సరే.. యాక్సిల్‌ మీద ఎంత?

లాజిస్టిక్స్‌ సాఫ్ట్‌వేర్‌ కంపెనీ ఇంటర్వ్యూలో ‘లారీలో సరుకు సర్దడానికి ప్రోగ్రామ్‌ రాయండి’ అన్నారనుకోండి. మీరేం చేస్తారు? నేనైతే మొత్తం బరువు కూడి, లిమిట్‌ దాటకపోతే ‘ఓకే’ అని చూపించా. ఐదు నిమిషాల పని. ఎదురుగా కూర్చున్నాయన ఒక్కటే అడిగారు: ‘సరుకంతా వెనకే పెడితే?’ నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

అసలు సంగతి ఏంటంటే, లారీకి లిమిట్‌ ఒకటి కాదు. మొత్తం బరువుకు ఒకటి, ఒక్కో యాక్సిల్‌కు మరొకటి. ఆర్‌సీలోనూ రెండూ విడివిడిగా నమోదవుతాయి. 2018 జులైలో కేంద్రం ఈ పరిమితులు పెంచింది. ముందు యాక్సిల్‌కు 6 టన్నుల నుంచి 7కి, వెనక నాలుగు టైర్ల సింగిల్‌ యాక్సిల్‌కు 10.2 నుంచి 11.5కి. అంటే రెండు యాక్సిళ్ల లారీ సరుకుతో కలిపి 18.5 టన్నులు ఉండొచ్చు. అంతకుముందు ఇది 16.2. ఎన్ని యాక్సిళ్లున్నా గరిష్ఠ పరిమితి మాత్రం 49 నుంచి 55 టన్నులైంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఖాళీ లారీ 6.5 టన్నులు అనుకుందాం. ముందు యాక్సిల్‌ మీద 3.2, వెనక 3.3. రెండింటి మధ్య దూరం 5 మీటర్లు. 11 టన్నుల సరుకు ఎక్కించారు. మొత్తం 17.5 టన్నులే కాబట్టి బేఫికర్‌ అనిపిస్తుంది. కానీ సరుకు గరిమనాభి వెనక యాక్సిల్‌కు అర మీటరు ముందుంటే, అందులో 9.9 టన్నులు వెనక యాక్సిల్‌ మీదే పడతాయి. ఖాళీ బరువుతో కలిపి 13.2. లిమిట్‌ దాటేసింది! అదే సరుకును ఇంకో మీటరు ముందుకు జరపండి. ముందు 6.5, వెనక 11. రెండూ లిమిట్‌లోనే. ఫస్టియర్‌లో పాసై మర్చిపోయిన మూమెంట్స్‌ చాప్టరే ఇది!

ఒక టన్నుకే ఇంత పట్టింపా అంటే, అది రోడ్డు కోసం. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలను నెలల తరబడి తిప్పి చేసిన పరీక్షల్లో తేలింది ఏంటంటే, యాక్సిల్‌ బరువు పెరిగితే రోడ్డుకు నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే దెబ్బ 16 రెట్లు. ఈ లెక్కన 10.2 నుంచి 11.5కి పెంచడమంటే బరువు 13 శాతమే ఎక్కువ, రోడ్డుకు దెబ్బ మాత్రం 60 శాతం పైనే. సివిల్‌ వాళ్లూ, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కొలతల సంగతి తేలిక. వెడల్పు 2.6 మీటర్లు, మామూలు లారీ పొడవు 12 మీటర్లు. మల్టీ యాక్సిల్‌ బస్సుకు 15 మీటర్ల దాకా అనుమతి.

ఓవర్‌లోడ్‌తో దొరికితే రూ.20 వేలు, అదనపు టన్నుకు మరో రూ.2 వేలు జరిమానా. మూడు టన్నులు ఎక్కువైతే రూ.26 వేలు, పైగా ఎక్కువైన సరుకు దించే ఖర్చూ వాళ్లదే. కాటా వేయించుకోనంటే ఏకంగా రూ.40 వేలు. సరుకు పంపే కంపెనీలు లోడ్‌ ప్లానింగ్‌కు మనుషుల్ని పెట్టుకునేది ఇందుకే. నడుస్తున్న లారీని యాక్సిల్‌ యాక్సిల్‌గా తూచే సెన్సర్లు టోల్‌ప్లాజాల్లో ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్‌ వాళ్లకు అదో దారి.

మెకానికల్‌, ఆటోమొబైల్‌ వాళ్లకు అసిస్టెంట్‌ మోటార్‌ వెహికల్‌ ఇన్‌స్పెక్టర్‌ పోస్టులున్నాయి. వాటికి హెవీ లైసెన్సు కూడా అడుగుతుంటారు. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండితేనే హెవీకి లెర్నర్స్‌ ఇస్తారు. నోటిఫికేషన్‌ పడ్డాక డ్రైవింగ్‌ స్కూల్‌కి పరిగెత్తితే లాభం లేదు. కారు లైసెన్సు ఈ సెమిస్టర్‌లోనే తీసేసుకోండి.