వండకుండా తిన్న పూట

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద భోంచేస్తే పుణ్యం అంటారు. కాదనను. కానీ ఆ భోజనం ఉసిరిచెట్టు కిందకి ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? తెల్లవారుఝామున మూడింటికి లేచి పులిహోర కలిపిందెవరు? గారెలకి పప్పు రుబ్బిందెవరు? మగవాళ్ళు చాప పరిచి పేకముక్కలు కలుపుతుంటే విస్తళ్ళు వేసి, వడ్డించి, అందరూ లేచాక చల్లారిన పప్పుతో తాను నాలుగు మెతుకులు తిని, గిన్నెలన్నీ సర్దుకుని ఇంటికొచ్చిందెవరో వేరే చెప్పాలా? మనకి వనభోజనమంటే వంటిల్లు మనతోపాటు వనానికి రావడమే!

పాపికొండల లాంచీ ఎక్కొచ్చినవాళ్ళని అడిగి చూడండి. మగవాళ్ళు కొండల గురించి చెబుతారు. ఆడవాళ్ళు మాత్రం, "లాంచీలోనే టిఫినూ భోజనమూ పెట్టేశారండి, చెయ్యి కడుక్కుని కూర్చోడమే" అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మొహం చూడాలి.

మా రాజమండ్రి వీధిలో పన్నెండుమందిమి ఉన్నాం, ఇరవై నాలుగేళ్ళ కొత్త కోడలి నుంచి డెబ్భై దాటిన పిన్నిగారి దాకా. నెలకి వంద చొప్పున ఆరు నెలలు చీటీలా వేసుకున్నాం. ఏడువేల రెండొందలు పోగయ్యాయి. ఎక్కడికి వెళ్ళాలన్న దగ్గర వచ్చింది పేచీ. పిన్నిగారు పట్టిసీమ అన్నారు. కొత్త కోడలు హైదరాబాదు పిల్ల, "పిజ్జా, చికెన్ వింగ్స్ తిందాం ఆంటీ" అంది. గుడి దగ్గర కోడిమాంసం ఏమిటని ఒకరూ, పిజ్జా కోసం చీటీ ఏమిటని ఒకరూ! చివరికి మధ్యాహ్నం పట్టిసీమ, సాయంత్రం తిరిగొచ్చాక పిజ్జా అని రాజీ కుదిరింది.

అనుమతుల భాగోతం రాస్తే ఈ పేజీ చాలదు. "మరి మా భోజనం?" అన్నది పన్నెండు ఇళ్ళలోనూ వినిపించిన మాటే. మాలో ఒకామె నాలుగింటికే లేచి అన్నం, కూర, చారు చేసి, బల్లమీద మూతలు పెట్టి మరీ వచ్చింది. బస్సెక్కాక కూడా ఫోను మోగింది. పెరుగు ఎక్కడుందీ అని! ఫ్రిజ్‌లో పెరుగు ఎక్కడుంటుందండీ?

పుష్యమాసంలో ఓ ఆదివారం బయల్దేరాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు కదా, ఆధార్ కార్డు పట్టుకుంటే చాలు. గోదావరి దాటి కొవ్వూరు, అక్కడ పోలవరం బస్సెక్కితే తాళ్ళపూడి మీదుగా పట్టిసీమ. రాజమండ్రి నుంచి నలభై కిలోమీటర్ల లోపే. వరదల్లో ఎర్రగా పొంగే గోదావరి ఈ రోజుల్లో తేటపడి ఇసుకతిన్నెలు బయటపెడుతుంది. నది మధ్యలో దేవకూట పర్వతం, దానిమీద వీరభద్రస్వామి గుడి. రేవులో పడవెక్కి వెళ్ళాలి. ఒడ్డునే 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం ఉంది. ఇరవై నాలుగు పంపులు గోదావరి నీళ్ళని పోలవరం కుడికాలవలోకి ఎత్తిపోస్తే, అవి కృష్ణ దాకా వెళ్తాయి.

పడవ దగ్గర ఒక మాట. లైఫ్ జాకెట్ ఇస్తే చీర నలుగుతుందని పక్కన పెట్టకండి, ఇవ్వకపోతే అడగండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి యాభైమంది దాకా పోయారు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళం కాబట్టి నదికి భయపడం, కానీ చీటికంటే ప్రాణం ముఖ్యం.

గుడిలో పిన్నిగారు స్థలపురాణం చెప్పారు. దక్షయజ్ఞం ధ్వంసం చేశాక వీరభద్రుడు తన పట్టిసమనే ఆయుధాన్ని ఇక్కడ కడిగాడట, అందుకే ఆ పేరు. "అసలు గొడవంతా ఎక్కడ మొదలైందో తెలుసా? అంతమందిని పిలిచి భోజనాలు పెడుతూ కన్నకూతుర్ని పిలవకపోవడం దగ్గర" అన్నారావిడ. ఇన్నేళ్ళుగా వింటున్న కథ, ఆ వైపు నుంచి నేనెప్పుడూ వినలేదు.

ఒడ్డుకి తిరిగొచ్చేసరికి భోజనం తయారు. ఊళ్ళో చిన్న మెస్ నడిపే ఆవిడకి ముందురోజే ఫోన్లో చెప్పాం. ముద్దపప్పు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. ఇంకొంచెం వెయ్యనా అని మమ్మల్ని ఎవరో అడుగుతుంటే కొత్తగా ఉంది. మాలో ఇద్దరు అలవాటు కొద్దీ లేచి వడ్డనకి గరిటె అందుకోబోతే అందరం కలిసి కూర్చోబెట్టాం.

సాయంత్రం రాజమండ్రిలో పిజ్జా. మగవాళ్ళు నలుగురు కలిసి కూర్చుని తినడానికి ప్రతి ఊళ్ళోనూ మందు దుకాణం పక్కన చీకుల బండి ఎప్పట్నుంచో ఉంది. ఆ దుకాణాలకి మన ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళింది మూయించడానికే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా పోరాడారు. మరి మనం కూర్చునే చోటేది? గుడి అరుగు, కుళాయి దగ్గర వరస, అంతేగా. ఏసీ పిజ్జా హోటల్లో రెండు బల్లలు కలిపి పన్నెండుమందిమి కూర్చుంటే పక్కవాళ్ళు వింతగా చూశారు. చూడనివ్వండి.

పిజ్జా చూసి పిన్నిగారు, "దిబ్బరొట్టె మీద జున్ను వేశార్రా" అని తేల్చేసి రెండు ముక్కలు తిన్నారు. తర్వాత వింగ్స్ వచ్చాయి. అంటే కోడి రెక్కలు! కారం సాసులో ఎర్రగా ఆరు ముక్కలు. ధర చూసి ఒకామె పకపకా నవ్వింది. "ఇవి నేను ఇరవయ్యేళ్ళుగా ఊరికే తింటున్నానే!" అంది. నిజమే కదా. ఇంట్లో కోడి కోస్తే తొడలు పిల్లలకి, మెత్తటి ముక్కలు ఆయనకి, కందనకాయ మామగారికి. రెక్కలూ మెడా గిన్నె అడుగున మనకోసం మిగులుతాయి.

వీటికీ ఒక ఇల్లాలి కథ ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊళ్ళో యాంకర్ బార్ అని వాళ్ళ వీధి హోటలు. 1964లో దాన్ని నడిపే తెరెసా బెలిసిమో, రాత్రి పొద్దుపోయాక ఆకలంటూ వచ్చిన కొడుక్కీ స్నేహితులకీ సూపులో వేసే రెక్కలనే వేయించి, వెన్నా మిరప సాసూ పట్టించి పెట్టిందని చెప్పుకుంటారు. మిగులుముక్కకి ఆవిడ తెచ్చిన గిరాకీ ఇప్పుడు గోదావరి ఒడ్డు దాకా వచ్చింది. అయినా మాలో ఆ నవ్వినామె రెక్కలు ముట్టలేదు. "నాకు తొడ ముక్క చెప్పండి" అంది. చెప్పాం.

చీటీ మళ్ళీ మొదలైంది, ఈసారి పదమూడు మంది. పదమూడో మనిషి మాకు వడ్డించిన ఆ పట్టిసీమ మెస్ ఆవిడ. మాతో కూర్చుని తినమంటే ఆ రోజు కుదరలేదు. "ఆదివారం బేరం ఉంటదండి. బుధవారమైతే మీతో వస్తాను, నేనూ ఎవరైనా వడ్డిస్తే తిని చాలా ఏళ్ళైందండి" అంది. అందుకని వచ్చే విడత బుధవారం పెట్టుకున్నాం.