మందమర్రి వీధిని మళ్లీ కట్టేముందు ఎవరిని లెక్కపెట్టాలి?

సింగరేణి పట్టణాల్లో పాత వీధుల సంగతి ఎత్తితే మాట రోడ్డు వెడల్పు దగ్గర మొదలై సీసీ రోడ్డు, డ్రైనేజీ దగ్గర ముగుస్తుంది. ఆ వీధిలో ఉంటున్నవాళ్లు ఏ హక్కుతో ఉంటున్నారన్న ప్రశ్న కూల్చివేత నోటీసు వచ్చిన రోజే గుర్తొస్తుంది. అప్పటికి ప్లాన్ గీసేసి ఉంటారు. మందమర్రిలో ఈ ఆలస్యం దళిత కుటుంబాలకు మరింత ఖరీదైనది. ఎందుకో ఇక్కడ వివరిస్తున్నాం.

వీధి ఎలా పుట్టింది

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం తర్వాత గోదావరి దాటి బెల్లంపల్లి, మందమర్రి వైపు విస్తరించింది. కళ్యాణి ఖని, శాంతి ఖని, కాసిపేట బాయిలకు చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుంచి జనం వచ్చారు. వారిలో మాల, మాదిగ, నేతకాని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊళ్లో దొరల వెట్టి నుంచి బయటపడాలంటే బాయి పని ఒక దారి.

కంపెనీ కొందరికి క్వార్టర్లు ఇచ్చింది. దొరకనివాళ్లు దగ్గర్లోని ఖాళీ జాగాలో గుడిసె వేసుకున్నారు. గుడిసె రేకుల ఇల్లయింది, తర్వాత ఇటుక గోడ లేచింది. క్వార్టర్ వచ్చినవాళ్లు కూడా ఉద్యోగం దిగిపోగానే దాన్ని ఖాళీ చేయాల్సిందే. 1990ల మొదట్లో సింగరేణిలో కార్మికులు లక్షకు పైనే ఉండేవారు. యంత్రాలు, ఓపెన్ కాస్టులు, స్వచ్ఛంద విరమణలతో ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల చుట్టూ ఉంది. దిగిపోయిన కార్మికులు, వారి భార్యాపిల్లలు, క్వార్టర్ రాని కాంట్రాక్టు కార్మికులు, కిరాయిదారులు ఇలాంటి పాత వీధుల్లోనే సర్దుకున్నారు. వీధి వయసు పెరిగేకొద్దీ అందులో కాగితం లేని మనుషుల వాటా కూడా పెరిగింది.

నేల ఎవరిది

ఇక్కడి నేల మీద మూడు పొరలున్నాయి. కొంత కంపెనీది, కొంత ప్రభుత్వానిది. వీటన్నిటి మీదా ఏజెన్సీ చట్టం ఉంది. మందమర్రి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది కాబట్టి ఇక్కడ 1/70 భూబదలాయింపు నిబంధనలు వర్తిస్తాయి. గిరిజనేతరుల పేరిట భూమి బదలాయింపు చెల్లదు. చట్టం దృష్టిలో దళితులు కూడా గిరిజనేతరులే. సింగరేణి వదులుకున్న భూముల్లో ఇళ్లు కట్టుకున్నవారికి జీవో 76 కింద బెల్లంపల్లి లాంటి చోట్ల పట్టాలు ఇచ్చారు. ఏజెన్సీ నేల మీద ఆ దారి అంత సులువు కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గోండులు, కొలాములు తమ భూములు పోగొట్టుకున్న చరిత్ర నుంచి వచ్చిన రక్షణ 1/70. దాన్ని సడలించాలని మేము అడగడం లేదు. దళితుల ఇంటి హక్కును ఆదివాసుల భూమి హక్కుకు పోటీగా నిలబెడితే లాభపడేది మధ్యలో భూమి కొనాలని చూసేవాళ్లే. అందుకే యాజమాన్య హక్కు వేరు, ఉన్నచోట ఉండే హక్కు వేరు అని విడదీసి మాట్లాడాలి.

అడిగే కౌన్సిలర్ లేడు

మందమర్రి చెన్నూరు అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. అది ఎస్సీ రిజర్వుడు స్థానం. ఎమ్మెల్యేను ఎన్నుకునే ఈ పట్టణం దశాబ్దాలుగా మున్సిపల్ కౌన్సిలర్‌ను ఎన్నుకోలేకపోతోంది. రాజ్యాంగం 243 జెడ్‌సీ అధికరణం ప్రకారం మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు. పార్లమెంటు చట్టం చేసి విస్తరించాలి. ఆ బిల్లును 2001లో రాజ్యసభలో పెట్టారు. ఈనాటికీ అది చట్టం కాలేదు. పంచాయతీలకు 1996లో పెసా వచ్చింది, పట్టణాలకు అలాంటిది రాలేదు.

వీధి ప్లాన్ విషయంలో ఈ లోటు చాలా పెద్దది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంటుంది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. కౌన్సిలే లేనిచోట ఎస్టిమేటు మీద ప్రశ్న లేవనెత్తే ఎన్నికైన మనిషి ఉండడు. నిర్ణయం అధికారుల ఫైళ్లలోనే పూర్తవుతుంది.

ప్లాన్ ఏ వరుసలో నడవాలి

మొదట మనుషుల జాబితా. రోడ్డు మధ్య గీత కొలవకముందే ఇంటింటా రాయాలి: యజమాని, కిరాయిదారు, ఒంటరి మహిళ, ఇంటి ముందు కొట్టు పెట్టుకున్నవాళ్లు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, ఎన్నేళ్లుగా ఉంటున్నారు. జాబితాను వీధిలోనే గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకోవాలి. పట్టా ఉన్నవాళ్లనే లెక్కిస్తే పరిహారం వచ్చేసరికి సగం వీధి కనిపించకుండా పోతుంది. నోటీసు, విచారణ లేకుండా ఖాళీ చేయించకూడదన్నది 1985లో ఓల్గా టెల్లిస్ కేసు నుంచీ ఉన్న సూత్రం. ఆ కేసు వేసినవాళ్లలో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లున్నారు, వాళ్ల దగ్గరా పట్టాలు లేవు.

రెండోది, భూమి కింద. భవనాలకు, ప్రజల రోడ్లకు 45 మీటర్ల లోపు బొగ్గు తవ్వాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి కావాలి. వీధి కింద పాత గ్యాలరీలు ఉన్నాయా, వాటిని ఇసుకతో నింపారా, ఓపెన్ కాస్టు పేలుళ్లకు ఎంత దూరం అన్నవి కంపెనీ గని మ్యాపులో ఉంటాయి. ఆ మ్యాపు చూడకుండా వేసిన పునాదికి భరోసా లేదు.

మూడోది, మట్టం. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ పోయడం మన పట్టణాల్లో అలవాటైపోయింది. పోసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, గడప కిందికి పోతుంది. వానొస్తే రోడ్డు నీళ్లు ఇంట్లోకి వస్తాయి. పల్లంలో ఉన్న దళితవాడకు పై వీధుల మురుగు కూడా చేరుతుంది. కాబట్టి పాత పొర తీయాలి, ముందు నీటి పైపులు, మురుగు కాల్వలు వేయాలి, రోడ్డు చివర పోయాలి. రోడ్డు మట్టం గడప కంటే తక్కువ ఉంటుందని ఎస్టిమేటులోనే రాయించాలి.

నాలుగోది, మురుగు గదులు. మనిషి దిగే అవసరం లేకుండా యంత్రంతో శుభ్రం చేయగలిగేలా వాటిని డిజైన్ చేయాలి. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం మనిషిని రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్నీ నేరం చేసింది. కానీ వీధి ఇరుకుగా, గది లోతుగా ఉంటే చివరికి దింపేది మళ్లీ దళితుడినే. ఆ నేరం ప్లాన్ కాగితం మీదే మొదలవుతుంది.

ఐదోది, వెడల్పు. మొదటి నాలుగూ తేలాకే దీన్ని మాట్లాడాలి. అంబులెన్సు, నీళ్ల ట్యాంకరు తిరగడానికి ఎంత కావాలో అంతే. ఎవరి ఇంటి ముందుభాగమైనా పోతే వాళ్లకు అదే వీధిలో చోటు చూపించాలి.

డబ్బు, హక్కు

2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గనుల ప్రభావిత ప్రాంతాల కోసమే ఉంది. తాగునీరు, పారిశుధ్యం అందులో ప్రాధాన్య పనులు. 2017 ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమూ ఉంది. అయితే ఊరంతటికీ వేసే రోడ్డును ఆ ఖాతాలో చూపి సరిపెట్టకుండా, దళిత కుటుంబాలకు చేరిన పని ఏమిటో అడగాలి.

హక్కు విషయంలో ఒడిశా 2017లో చేసిన చట్టం చూడదగ్గది. పట్టణాల్లోని మురికివాడల్లో ఉంటున్నవారికి వారసత్వంగా వచ్చే, అమ్ముకోవడానికి వీల్లేని హక్కు పత్రం అది ఇస్తుంది. ఏజెన్సీలో దాన్ని యథాతథంగా పెట్టలేం. కానీ అమ్మకానికి పనికిరాని నివాస భద్రత అనే ఆలోచన ఆదివాసుల రక్షణను దెబ్బతీయకుండా దళితుల గడపను కాపాడగలదు. దాన్ని ఏ రూపంలో తేవాలన్నది రెండు వైపుల సంఘాలు కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఈలోగా మందమర్రి విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు కింద మూడు కాగితాలు అడగవచ్చు: మున్సిపాలిటీ నుంచి వీధి ఎస్టిమేటు, కంపెనీ నుంచి ఆ వీధి కింది గని మ్యాపు, జిల్లా ఖనిజ నిధి నుంచి ఆ వార్డులో పెట్టిన ఖర్చు. నాలుగోదైన ఇంటింటి జాబితా ఏ కార్యాలయంలోనూ సిద్ధంగా దొరకదు. దాన్ని వీధివాళ్లతో కలిసి మనమే రాయాలి, కొలిచే టేపు రాకముందే.