పులివేషం నుంచి బట్టమేక దాకా: నృత్యంతో వన్యప్రాణులపై అవగాహన

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి అడవి జంతువును ఆటలో చూడటం కొత్త కాదు. పీర్ల పండుగకు పులివేషం కట్టినవారు డప్పుల దరువుకు చిందులేస్తారు. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంతో ముడిపడిన చెంచులక్ష్మి కథ యక్షగానంగా తెలుగువారందరికీ తెలిసినదే. కూచిపూడిలో సింహనందిని అనే అంశం ఉంది. నేల మీద పరచిన రంగుపొడిలో నర్తకి తాళం తప్పకుండా అడుగులు వేస్తూనే పాదాలతో సింహం బొమ్మ గీస్తుంది.

అయితే ఇవి జంతువును చూపిస్తాయే గాని, అది ఎందుకు తగ్గిపోతోందో చెప్పవు. అవగాహన కోసం చేసే నృత్యం ఆ రెండో పని కూడా చేయాలి. ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రధానంగా బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. సుమారు మీటరు ఎత్తుండే ఈ పక్షికి చెట్ల అడవి పనికిరాదు, విశాలమైన గడ్డినేల కావాలి. దేశం మొత్తం మీద మిగిలినవి 150కి లోపేనని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లో ఉన్నాయి. రోళ్లపాడులో ఇది కనిపించడమే అరుదైపోయింది.

నృత్యానికి ఇంతకన్నా అనువైన పక్షి లేదని నా అభిప్రాయం. జతకట్టే కాలంలో మగపక్షి మెడ కింది తిత్తిని గాలితో నింపి వేలాడదీస్తుంది, తోకను వీపు మీదికి విరుస్తుంది, మంద్రంగా హూంకరిస్తుంది. అభినయానికి కావలసినదంతా ఇందులోనే ఉంది. ఆడపక్షి సాధారణంగా నేల మీద ఒకే గుడ్డు పెట్టి, దాదాపు నాలుగు వారాలు ఒంటరిగా పొదుగుతుంది. వేదిక మధ్య ఒక్క గుడ్డు, దూరంగా నాగలి, దగ్గరవుతున్న కుక్కలు! ప్రేక్షకుడికి మాటలతో చెప్పనక్కరలేదు.

ఇక్కడొక జాగ్రత్త. ఇలాంటి ప్రదర్శనల్లో రైతును దుర్మార్గుడిగా చూపడం తేలిక. కాని ఊరివారు అది ఒప్పుకోరు, ఒప్పుకోనవసరమూ లేదు. రక్షణ వల్ల రోళ్లపాడులో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పంటలను మేశాయి. అభయారణ్యం పేరెత్తితే రైతుకు ముందు గుర్తొచ్చేది ఆ నష్టమే. కాబట్టి అతని గోడుకు కూడా ఒక దరువు కేటాయించండి. గడ్డినేలలు ఎందుకు సాగులోకి వచ్చాయో అతని నోటనే చెప్పించండి. అలాగే చెంచులను అడవికి అలంకారంగా చూపకండి. నల్లమలలో పులుల జాడలు పట్టే పనిలో వారే ముందుంటారు.

కృత్యం: మీ ఊరి పులివేషం బాణీలో బట్టమేక గురించి పది నిమిషాల అంశం రూపొందించి ప్రదర్శించండి. తర్వాత ప్రేక్షకుల్లో పదిమందిని "ఈ పిట్ట బతకడానికి ఎలాంటి నేల కావాలి?" అని అడగండి. ఆట బాగుందన్నవారి సంఖ్యను కాదు, గడ్డినేల అని చెప్పినవారి సంఖ్యను రాసుకోండి.