ధ్వనే తాళంచెవి!

లక్సెట్టిపేటలో అయినా కరీంనగర్‌లో అయినా అల్ట్రాసౌండ్ అనగానే గుర్తొచ్చేది స్కానింగే. కడుపులో బిడ్డ ఎలా ఉంది, కిడ్నీలో రాయి ఉందా అని చూడ్డానికే అది అనుకుంటాం. చెవికి వినిపించని ఆ ధ్వనితోనే క్యాన్సర్ మందును కణితి దగ్గర మాత్రమే పనిచేయించాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు.

ఎందుకంటే... కీమోథెరపీ మందు కణితిని ఒక్కదాన్నే తాకి ఊరుకోదు. జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి, నీరసం కమ్మేస్తుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రిలో మందు ఎక్కించుకుని రెండొందల కిలోమీటర్లకు పైగా బస్సులో తిరిగొచ్చే రోగికి ఆ బాధ ఇంకెంతో!

చీటీ అంటిస్తే చాలు

మన కణాల్లో ఓ చక్కటి ఏర్పాటుంది. పనికిరాని ప్రొటీన్‌కు 'యుబిక్విటిన్' అనే చీటీ అంటుకుంటుంది. ఆ చీటీ ఉన్నదాన్ని 'ప్రొటియాజోమ్' ముక్కలు చేసేస్తుంది. ఈ గుట్టు విప్పినందుకే సీచనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. మరి, క్యాన్సర్‌ను పెంచే ప్రొటీన్‌కూ ఆ చీటీ అంటిస్తే? 2001లో అమెరికా శాస్త్రవేత్తలు క్రెయిగ్ క్రూస్, రేమండ్ డెషైస్ బృందాలు 'ప్రొటాక్' అనే అణువుతో ఈ దారి చూపించాయి. అది ఒక చేత్తో వద్దనుకున్న ప్రొటీన్‌నీ, మరో చేత్తో చీటీ అంటించే ఎంజైమునీ పట్టుకుని దగ్గరకు చేరుస్తుంది.

ప్రొటీన్‌ను ఇలా మాయం చేసే మందు మనకు కొత్తేం కాదు. మల్టిపుల్ మైలోమా రోగులు వాడే లెనాలిడోమైడ్ కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తుందని 2014లో తేలింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఈ మందు జనరిక్‌ను తయారుచేస్తోంది.

తాళం ఎలా తీస్తారు?

చిక్కల్లా ఒకటే. ప్రొటాక్ ఆరోగ్యంగా ఉన్న కణాల్లోనూ పనిచేయొచ్చు. అందుకే దాన్ని అతిచిన్న నానో రేణువుకు బిగించి, పనిచేయకుండా కట్టేస్తారు. ఆ రేణువులు రక్తంలోంచి కణితికి చేరాక బయటి నుంచి అల్ట్రాసౌండ్ పంపుతారు. ఆ తాకిడికి రేణువు చురుకైన ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. అది కట్టును తెంపుతుంది. ప్రొటాక్ విడుదలై పని మొదలుపెడుతుంది. ధ్వని తాకని చోట కట్టు అలాగే ఉంటుంది. ఇదే పని కాంతితోనూ చేయొచ్చు కానీ, అది ఒంట్లోకి అట్టే లోతుకు పోలేదు. ధ్వని మాత్రం చాలా సెంటీమీటర్లు వెళ్తుంది.

అయితే, ధ్వనితో మీట నొక్కే ఈ ప్రొటాక్‌లు ఎలుకల మీద ప్రయోగాల దశలోనే ఉన్నాయి. రోగికి అందాలంటే మనుషులపై పరీక్షలన్నీ దాటాలి. కాబట్టి దీనికోసం ఎదురుచూస్తూ ఇప్పుడున్న చికిత్సను వాయిదా వేయకూడదు. ఎప్పటికైనా ఇది ఫలిస్తే మాత్రం... జబ్బును చూపించే ధ్వనే దాన్ని తగ్గించే మందుకూ తాళం తీస్తుంది!